పేరొక్కటే చాలదు, ఏ ఎడిషనో కూడా చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏదైనా సూపర్‌హీరో సినిమా విడుదలైన వారం 'అభిమానులు తప్పక చదవాల్సిన కామిక్స్' అంటూ ఎక్కడో ఒకచోట జాబితా వస్తుంది. పేర్లు సాధారణంగా సరైనవే ఉంటాయి. ఆ కాగితం పట్టుకుని పుస్తకాల షాపుకు వెళ్లాకే చిక్కులు మొదలవుతాయి. రెండు భాగాల కథలో రెండోది మాత్రమే దొరుకుతుంది. రంగులు మార్చేసిన ప్రతి చేతికొస్తుంది. నాలుగు పేజీలు ఎడమ నుంచి చదివాక గానీ అది కుడి నుంచి చదవాల్సిన పుస్తకమని తెలియదు. మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి జాబితా వేస్తే ఈ సంగతులు కూడా ఇవ్వమని కోరుతూ ఈ ఉత్తరం.

మన దగ్గర బొమ్మల కథ అనగానే చందమామ గుర్తొస్తుంది. శంకర్ గారు వేసిన విక్రమార్కుడు, భుజం మీద శవం, చేతిలో కత్తి. ఎంత గొప్ప బొమ్మయినా దాన్ని తీసేస్తే కథ ఆగదు, అచ్చులోని మాటలు నడిపించేస్తాయి. కామిక్‌లో అలా కుదరదు. బొమ్మ తీసేస్తే తలాతోకా లేని సంభాషణ మిగులుతుంది. కాబట్టి బుడగల్లో మాటలు గబగబా చదివేసి పేజీ తిప్పేవాళ్లకు గంటలో పుస్తకం అయిపోతుంది, ఇందులో ఏముందనిపిస్తుంది. కొత్తవాళ్లు ముందు పేజీ మొత్తాన్ని ఒక్కసారి చూసి, తర్వాత గడి గడీ చదివి, తిప్పే ముందు మళ్లీ మొత్తం చూడాలి.

దీనికి ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్' మంచి పాఠం. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండ్‌వాళ్లు పందులు. కొడుకు తన తండ్రి నోట నాజీల కాలం నాటి కథ చెప్పించుకుంటాడు. మొదటి భాగం 1986లో, రెండోది 1991లో పుస్తకాలుగా వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం దక్కింది. మొదటి భాగంలో ఒక చోట తల్లీతండ్రీ పోలండ్‌వాళ్లలా కనిపించాలని పంది ముఖాల మాస్కులు కట్టుకుని వీధిలో నడుస్తారు. తండ్రి తోక కోటు కింద దాగిపోయింది. తల్లి తోక మాత్రం బయటికి వేలాడుతుంటుంది. ఆవిడను చూస్తే యూదురాలని ఇట్టే పోల్చుకుంటారన్న సంగతి ఆ తోకతోనే తెలిసిపోతుంది. అదే భాగంలో ఎటు పోవాలో తెలియక ఇద్దరూ నిలబడ్డ నాలుగు దారుల కూడలిని గమనించండి, స్వస్తిక్ ఆకారంలో గీశాడు. బుడగలే చదివేవాళ్లకు ఈ రెండూ కనపడవు.

'మౌస్' కొనేటప్పుడు రెండు భాగాలూ కలిపిన 'ది కంప్లీట్ మౌస్' తీసుకోవాలి. మొదటి భాగం ఒక్కటే కొంటే కథ నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఈ బొమ్మల్ని స్పీగల్‌మన్ ఫౌంటెన్ పెన్నుతో అచ్చులో కనపడే సైజులోనే గీశాడు. మామూలుగా కామిక్‌లు పెద్దగా గీసి అచ్చుకు కుదిస్తారు. ఇక్కడ కుదింపే లేదు, దాన్ని ఫోన్ తెరలో ఇంకా కుదిస్తే గీతలన్నీ ముద్దయిపోతాయి. అట్ట మీద ఎలుక ఉంది కదా అని దీన్ని పిల్లల అరలో పెట్టే షాపులున్నాయి, గ్రంథాలయాలూ ఉన్నాయి. హైస్కూలు దాటాక చదవాల్సిన పుస్తకమిది.

'వాచ్‌మెన్' ప్రతి జాబితాలోనూ మొదటి వరసలో ఉంటుంది. ఉండాల్సిందే, కానీ మొదట చదవాల్సింది మాత్రం అది కాదు. అలన్ మూర్ రాసి డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన ఈ 12 సంచికల కథ 1986, 87లో వచ్చింది. సూపర్‌హీరో కథల పద్ధతులు తెలిసినవాడికే అది వాటిని ఎలా విరగ్గొట్టిందో అర్థమవుతుంది. ముందు ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మజుకెల్లిల 'బ్యాట్‌మన్: ఇయర్ వన్' చదవండి. 1987లో వచ్చిన నాలుగు సంచికలే, ఒక్క సాయంత్రం చాలు. పేరు బ్యాట్‌మన్‌దే అయినా కథలో సగం పోలీసాఫీసర్ గోర్డన్‌ది.

ఆ తర్వాత 'వాచ్‌మెన్' తెరవండి. పాటకు తాళం ఎలాగో ఈ పుస్తకానికి పేజీకి తొమ్మిది గళ్లన్నది అలాంటిది, గళ్లు కలిసి పెద్దవయ్యాయంటే అక్కడేదో జరుగుతోందని లెక్క. అయిదో అధ్యాయంలో మొదటి పేజీ గళ్ల అమరికకు చివరి పేజీ అమరిక అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. రెండో పేజీకి చివరి నుంచి రెండోది, అలా అధ్యాయం నడిమధ్య దాకా. ఒకసారి మామూలుగా చదివేశాక ఆ అధ్యాయాన్ని రెండు చివర్ల నుంచీ లోపలికి తిప్పి చూడాలి. మొదటి 11 అధ్యాయాల చివర బొమ్మల బదులు వచనం ఉంటుంది, ఆత్మకథ భాగమనో, వ్యాసమనో. చాలామంది వాటిని దాటేస్తారు, తర్వాత పాత తరం హీరోలెవరో అర్థం కాలేదంటారు. మధ్యలో ఓ కుర్రాడు చదివే ఓడదొంగల కామిక్‌నూ దాటెయ్యకూడదు. 2009 సినిమాలో ముగింపు మార్చారు కాబట్టి సినిమా చూశాం కదా అంటే కుదరదు. ఇతరులు తర్వాత రాసిన ముందు కథలూ వెనక కథలూ అక్కర్లేదు, ఆ డబ్బు మరో పుస్తకానికి దాచుకోండి.

ఎడిషన్ మారితే పుస్తకమే మారిపోతుందనడానికి 1988 నాటి బ్యాట్‌మన్ కథ 'ది కిల్లింగ్ జోక్' నిదర్శనం. అప్పట్లో జాన్ హిగ్గిన్స్ కళ్లు చెదిరే ఆకుపచ్చలూ ఊదాలూ వేశాడు. 2008 ఎడిషన్‌కు, మొదట బొమ్మలు గీసిన బ్రయన్ బోలాండే రంగులు మళ్లీ వేశాడు. గతం చెప్పే పేజీలు దాదాపు బూడిదరంగులో ఉండి, అక్కడొక వస్తువు ఇక్కడొక వస్తువు ఎర్రగా మెరుస్తాయి. గీతలు అవే, కథా అదే, చదివినప్పటి భయం మాత్రం వేరు. రెండింటినీ మెచ్చుకునేవాళ్లున్నారు. మొదటిసారి చదివేవాళ్లకు పాత రంగులే నయమని నా అభిప్రాయం.

మాంగాల దగ్గర, అంటే జపాన్ కామిక్స్ దగ్గర, చిక్కు దిక్కుది. అవి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి: మనకు వెనక అట్ట అనిపించేదే ముందట్ట, పేజీలో పైన కుడి మూల గడి మొదటిది. ఒకప్పుడు ఇంగ్లిష్ ప్రచురణకర్తలు పేజీ మొత్తాన్ని అద్దంలోలా తిప్పి అచ్చేసేవారు. దాంతో కుడిచేతివాటం సమురాయ్ ఎడమచేత్తో కత్తి దూస్తాడు. కిమోనోకు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి కట్టేది శవానికి. అంటే తిప్పి అచ్చేసిన పేజీలో బతికున్నవాళ్లంతా శవాలకు కట్టే తీరులో బట్ట కట్టుకుని తిరుగుతుంటారు! కత్సుహిరో ఒటొమో 'అకిరా' ఇంగ్లిష్‌లో మొదట ఇలా తిప్పి, రంగులద్ది వచ్చింది. అసలు రచన నలుపు తెలుపుల్లో 6 సంపుటాలు, 2000 పేజీల పైమాట. 2017లో వచ్చిన పెట్టె సెట్ కుడి నుంచి ఎడమకే ఉంది, జపనీస్ శబ్దాల అక్షరాల్నీ బొమ్మలో కదపకుండా ఉంచారు. దొరికితే అదే కొనాలి. 1988 సినిమా చూసినవాళ్లు కూడా చదవొచ్చు, పుస్తకంలోని కథలో చాలా భాగం అందులోకి రానేలేదు.

కీజి నకజావా 'బేర్‌ఫుట్ గెన్' పది సంపుటాలు. హిరోషిమా మీద బాంబు పడ్డనాటికి ఆయనకు ఆరేళ్లు. మొదటి సంపుటం బాంబు పడటంతో ముగుస్తుంది, కనీసం రెండోది కూడా దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాలి. ఒసాము తెజుకా 'బుద్ధ' ఇంగ్లిష్‌లో 8 సంపుటాలు. మొదటిది తెరిచి సిద్ధార్థుడేడీ అని వెతక్కండి, అతడు పుట్టేసరికే ఆ సంపుటం అయిపోవస్తుంది. తత్తా, చాప్రా లాంటివాళ్లు తెజుకా కల్పించిన పాత్రలు, దాన్ని చరిత్రగా కాక నవలగా చదవాలి.

టిన్‌టిన్ గురించి ఒకే మాట: వరసక్రమంలో మొదలెట్టకండి. మొదటి రెండు పుస్తకాలు, సోవియెట్‌దీ కాంగోదీ, హెర్జే కుర్రతనపు రచనలు. కాంగో పుస్తకంలో ఆఫ్రికన్లను చూపించిన తీరు ఇవాళ చదవలేం. 'ది బ్లూ లోటస్' నుంచి ఆయన చెయ్యి తిరిగింది, దానికి ముందు కథ 'సిగార్స్ ఆఫ్ ది ఫారో'. యూనికార్న్ ఓడ రహస్యం, రెడ్ రాకమ్ నిధి ఒక జత. చందమామ మీదికి వెళ్లే రెండూ ఒక జత. ఏడు స్ఫటిక గోళాలకు జత సూర్యుడి ఖైదీలు. జతలో ఒకటే కొంటే అసలు మజా వచ్చేచోట పుస్తకం అయిపోతుంది. పెద్ద సైజు ఆల్బమే కొనాలి, చిన్న సైజులో మూడేసి కలిపిన సంపుటాల్లో అక్షరాలు చీమలంత ఉంటాయి. ఆస్టెరిక్స్ అయితే రచయిత గొసిని బతికుండగా రాసిన 24 చాలు.

మన దేశం సంగతికొస్తే, 1967లో అనంత్ పాయ్ మొదలెట్టిన అమర్ చిత్ర కథ చాలామందికి తొలిమెట్టు. అయితే అందులో బొమ్మ చూపించినదాన్నే పైన వాక్యం మళ్లీ చెబుతుంటుంది, కన్ను బద్ధకిస్తుంది. ఆ బద్ధకం వదలడానికి 2011లో వచ్చిన 'భీమాయణ' చూడాలి. అంబేడ్కర్ జీవితంలోని అవమానాల కథను శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రాస్తే, ప్రధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. మనుషుల్ని గళ్లలో బంధించబోమన్నారు వాళ్లు. గళ్ల బదులు ఇంటి గోడల మీదా నేల మీదా వేసే దిగ్నా అంచులు పేజీని విడదీస్తాయి. రైలు పాములా సాగుతుంది, దారి నెమలి మెడలా వంపు తిరుగుతుంది. బుడగల్ని బాగా చూడండి. మెత్తగా మాట్లాడేవాళ్ల బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం విషం కక్కేవాళ్ల బుడగకు తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకునే మాట బుడగకు ఓ కన్ను గీశారు. ఎవరేమిటో మాట చదవకముందే తెలిసిపోతుంది. పెద్ద సైజు పుస్తకం, దాన్ని పీడీఎఫ్‌లో చదవడం దండగ.

దీనితో పాటు, నర్మద ఆనకట్ట మీద ఒరిజిత్ సేన్ 1994లో వేసిన 'రివర్ ఆఫ్ స్టోరీస్'. చాలా ఏళ్లు దొరకలేదు, 2022లో మళ్లీ అచ్చయింది. కశ్మీరీలను హంగుల్ జింకలుగా గీసిన మాలిక్ సజాద్ 'మున్ను', ఎమర్జెన్సీ మీద విశ్వజ్యోతి ఘోష్ 'ఢిల్లీ కామ్' కూడా చేర్చండి. 'మౌస్' చదివాక 'మున్ను' చదివితే జింక ముఖాలెందుకో వెంటనే బోధపడుతుంది. విదేశాలవి మర్జానె సత్రపి 'పెర్సెపొలిస్' ఒకే సంపుటంగా, జో సాకో 'పాలస్తీన్' సంచికలన్నీ కలిపిన పుస్తకంగా తీసుకోవాలి.

ఇంగ్లిష్ తడబడేవాళ్లు ముందుగా షాన్ టాన్ 2006లో తెచ్చిన 'ది ఎరైవల్' చదవొచ్చు. అందులో మాటలే లేవు. పరాయి దేశానికి బతకబోయిన మనిషి కథ, దుబాయ్‌కో మస్కట్‌కో మనిషిని పంపిన ఇంట్లో అమ్మమ్మ కూడా చదివేస్తుంది. ఊరి గ్రంథాలయానికి ఒక్క గ్రాఫిక్ నవలే కొనే డబ్బుంటే అదే కొనమంటాను.

మంచి ఎడిషన్ కొన్నాక కూడా పాడుచేసేవి రెండున్నాయి. ఫోన్ యాప్‌లు ఒక్కో గడినే పెద్దది చేసి చూపిస్తాయి. అలా చదివితే 'వాచ్‌మెన్' అద్దం అమరికా కనపడదు, 'భీమాయణ' అసలే కనపడదు. తెర మీద చదవక తప్పకపోతే 10 అంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుని, ఆ సదుపాయం ఆపేసి, పేజీ మొత్తం కనపడేలా చదవాలి. రెండోది జిగురు బైండింగ్. వెయ్యి పేజీల లావు సంపుటం కుట్టుది కాకపోతే పూర్తిగా తెరుచుకోదు, రెండు పేజీల మీద పరచిన బొమ్మ నడిమి మడతలో పడిపోతుంది. బలవంతంగా విప్పితే పేజీలు ఊడతాయి. కొనేముందు పుస్తకం వీపు పైఅంచు చూడండి: కాగితాలు చిన్న చిన్న కట్టలుగా వంపు తిరిగి కనిపిస్తే కుట్టుది, సాఫీగా కోసినట్టుంటే జిగురుది.

ఇక తెలుగులో ఇవి ఎందుకు రావన్న ప్రశ్న. హక్కులు, ఖర్చు సరే. వచ్చిన కొన్ని అనువాదాలు చదవబుద్ధి కాకపోవడానికి కారణం మాత్రం లెటరింగ్, అంటే బుడగల్లో అక్షరాలు పేర్చే పని. ఇంగ్లిష్ కామిక్స్‌లో అన్నీ పెద్ద అక్షరాలే, కిందికి వేలాడే తోకలుండవు, లైన్లు ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. 'రాష్ట్రం' అన్న ఒక్క మాటకే కింద రెండంతస్తులు కావాలి. ఇంగ్లిష్‌లో మూడు లైన్లు పట్టే బుడగలో మనకు రెండే పడతాయి. బుడగను పెంచుదామంటే వెనక బొమ్మ పోతుంది. అక్షరాన్ని కుదిస్తే న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి ఒత్తులు పూడుకుపోతాయి. కాబట్టి అనువాదం బుడగ కొలతకే చెయ్యాలి: వాక్యాన్ని వాడుక మాటలోకి దించి, బొమ్మలో కనపడేదాన్ని మాటల్లోంచి తీసేసి, పై లైనూ కింది లైనూ పొట్టిగా, నడుమది పొడవుగా పేర్చాలి. టిన్‌టిన్ కథల్లోని కెప్టెన్ హాడాక్ తిట్లు మాత్రం కత్తిరించనక్కర్లేదు, వాటికి సరిపడా సరుకు తెలుగులో దండిగా ఉంది.

డుంబు బొమ్మల కథలు గీసిన బుజ్జాయి గారి లాంటి చెయ్యి తెలుగు పత్రికల్లోనే ఎదిగింది. మీ అనుబంధంలో ఇప్పుడు రెండు కాలమ్‌ల వెడల్పులో ఇరికిస్తున్న బొమ్మల కథకు వారానికి ఒక నిండు పేజీ ఇచ్చి చూడండి. అక్షరం 10 పాయింట్ల కంటే తగ్గనివ్వకండి. చేత్తో అక్షరాలు రాయగలిగే చిత్రకారుడు దొరికితే ఆ పనీ ఆయనకే అప్పగించండి.

ఇట్లు,
మీ పాఠకుడు