కింగ్‌స్టన్‌లో మమ్మల్ని ఆదుకున్న మీ అందరికీ

అందరికీ నమస్కారం.

ఫిబ్రవరి మంచు తుఫానులో, కెనడాలోని కింగ్‌స్టన్ దగ్గర మా బ్యాండ్ వ్యాన్ ఆగిపోయినప్పుడు సాయం చేసినవాళ్ళలో చాలామందికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను. కానీ అందరి నంబర్లూ నా దగ్గర లేవు. రిపేరుకి డబ్బు పంపినవాళ్ళలో కొందరు పేరే పెట్టలేదు. ఒకాయన "తెనాలి వాడిని" అని మాత్రం రాశారు. అంకుల్, మాదీ తెనాలే. మీరెవరో తెలిస్తే ఇంటికొచ్చి కలుస్తాను. అందుకే ఈ మాటలు అందరి ముందూ చెబుతున్నాను. తన పేరు రాయనని, ఆ రాత్రి మాకు ఇంట్లో చోటిచ్చిన కింగ్‌స్టన్ అక్క నా చేత ఒట్టు వేయించుకున్నారు. కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు.

విషయం తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. మాది నలుగురి బ్యాండ్. నేను బేస్ గిటార్ వాయిస్తాను. డ్రమ్మర్ స్కార్‌బరోలో పెరిగిన శ్రీలంక తమిళ కుర్రాడు. పాడే అమ్మాయి, గిటార్ వాయించే అబ్బాయి ఆషావాకి చెందిన అన్నాచెల్లెళ్ళు. శనివారం మాంట్రియల్‌లో, ఆదివారం ఒట్టావాలో షోలు ఒప్పుకుని శుక్రవారం సాయంత్రం టొరంటోలో బయల్దేరాం. మాంట్రియల్ దాదాపు 540 కిలోమీటర్లు. సగం దూరం పోకముందే కింగ్‌స్టన్ దగ్గర 401 హైవే మీద ఇంజిన్ ఆగిపోయింది, దాంతో పాటే హీటర్ కూడా. ఒంటారియోలో చలికాలం గడిపినవాళ్ళకి ఆ తర్వాతి సంగతి నేను చెప్పనక్కర్లేదు.

మొదట వచ్చింది టో ట్రక్ నడిపే సర్దార్జీ. వ్యాన్ ఎక్కించే ముందే మా నలుగురినీ తన క్యాబిన్‌లో కూర్చోబెట్టి ఫ్లాస్కులో టీ పోసిచ్చారు. షెడ్డులో చూసి, టైమింగ్ చైన్ తెగి ఇంజిన్ లోపల దెబ్బతిందని, విడిభాగాలు రావడానికే వారం మధ్య అవుతుందని చెప్పారు. అంత డబ్బు మా దగ్గర లేదు. మాంట్రియల్‌కి మేము రాలేమని ఫోన్ చేద్దామనుకుంటుండగా, క్వీన్స్ యూనివర్సిటీలో చదివే మా ఇంటర్ జూనియర్ ఒకడు తనకు తెలిసిన వాట్సాప్ గ్రూపులో మా పరిస్థితి పెట్టాడు. కాసేపటికి అక్క ఫోన్. "ముందు ఇంటికి రండి నాన్నా, మిగతావన్నీ తర్వాత చూద్దాం." అప్పటికి ఆవిడ నన్ను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రాత్రి ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, వేడి వేడి అన్నం. మా సింగర్ ఆవకాయ మూడోసారి వడ్డించుకుంటుంటే అక్కకి సంబరం. తడిసిన బూట్లు, కోట్లు తీసుకెళ్ళి ఆరబెట్టారు. పిల్లల గది మాకిచ్చి పిల్లల్ని తమ గదిలో పడుకోబెట్టుకున్నారు. పొద్దున్నే బావగారు తమ వ్యాన్‌లో, ఇద్దరు స్టూడెంట్లు ఇంకో కారులో సామాను సర్దుకుని మమ్మల్ని మాంట్రియల్ తీసుకెళ్ళారు. డ్రమ్స్ మొత్తం పట్టలేదు. ఆ సంగతి తెలిసి అక్కడి బ్యాండ్ వాళ్ళు తమ డ్రమ్స్, ఆంప్లిఫయర్లు వాడుకోమన్నారు. ఆదివారం ఒట్టావా షో కూడా అలాగే జరిగింది. ఈలోపు మీరందరూ తలా కొంత వేసి రిపేరు ఖర్చు పోగేశారు.

గ్రూపులో ఒక పెద్దాయన ప్రేమగానే అడిగారు: "బాబూ, ఉద్యోగం ఉంది కదా, ఈ చలిలో ఇంత టెన్షన్ పడి తిరగడం ఎందుకు? అసలు మీరు వాయించేది ఏమిటి?" ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. డబ్బు పెట్టినవాళ్ళకి అది తెలుసుకునే హక్కుంది.

మేము వాయించేది పాప్ పంక్. పంక్ అంటే 1970ల్లో వచ్చిన వేగమైన, గరుకైన రాక్ సంగీతం. దానికి ఒకసారి వింటే నోట్లో ఆడే ట్యూన్ కలిస్తే పాప్ పంక్. పాట సుమారు మూడు నిమిషాలు. స్నేహితులు, ఊళ్ళో ఏమీ తోచకపోవడం, ఇంట్లో గొడవలు, ఇక్కడి నుంచి బయటపడాలన్న ఆరాటం, ఇవే ఎక్కువగా విషయాలు. ఇందులో ప్రపంచమంతా తెలిసిన పేరు గ్రీన్ డే. 2025 మార్చిలో వాళ్ళు ముంబైలో వాయిస్తే హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు వెళ్ళొచ్చాడు. గొంతు పోయి మాట్లాడలేక నాకు వాయిస్ మెసేజ్ బదులు టైప్ చేసి పంపాడు.

నాకు మాత్రం అన్నిటికంటే దగ్గరైన బ్యాండ్ సమ్ 41. వాళ్ళది ఏజాక్స్. టొరంటోకి తూర్పున, అదే 401 మీద, మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటున్న ఏజాక్సే. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీ చుట్టూ పుట్టి, బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టుకున్న ఊరు. 1996లో అక్కడి హైస్కూలు పిల్లలు ఈ బ్యాండ్ పెట్టారు. 1999లో ఐలాండ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. 2001లో వచ్చిన తొలి పూర్తి ఆల్బమ్‌లోని "ఫ్యాట్ లిప్" పాట అమెరికాలో బిల్‌బోర్డ్ మోడర్న్ రాక్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. అప్పటికి వాళ్ళకి ఇరవై, ఇరవై ఒకటేళ్ళు. గిటారిస్టు డేవ్ బాక్ష్‌ది గయానాకి వలస వెళ్ళిన భారతీయ మూలాలున్న కుటుంబం. మనలాంటి ముఖం ఉన్న మనిషి అంత పెద్ద స్టేజీ మీద గిటార్ సోలో వాయించడం నేను మొదటిసారి చూసింది ఆయన్నే. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో.

పాట హిట్టయితే జీవితం తేలికవుతుందని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి అక్కడి నుంచే రోడ్డు మొదలవుతుంది. మన పెద్దవాళ్ళకి చెప్పాలంటే సురభి నాటకాల వాళ్ళను గుర్తు చేసుకోండి. పెట్టెలు, తెరలు, పిల్లాజెల్లాతో ఊరూరా తిరుగుతూ ఎక్కడ డేరా వేస్తే అక్కడే బతుకు. టూర్ కూడా అంతే. సాయంత్రం నాలుగైదింటికి హాలుకి చేరాలి. సామాను మనమే మోసుకుని దించాలి. సౌండ్ చెక్ కోసం కాచుకుని కూర్చోవాలి. మాలాంటి చిన్న బ్యాండుకి స్టేజీ మీద దొరికేది అరగంట. ఆ అరగంట కోసమే మిగతా రోజంతా. హాలువాళ్ళు ఇచ్చేది చాలాసార్లు పెట్రోలుకే సరిపోతుంది. టీషర్టులు అమ్ముడైతేనే తిండి, మోటెల్. కొన్ని హాళ్ళు ఆ టీషర్టుల అమ్మకంలోనూ వాటా తీసుకుంటాయి. మోటెల్‌కి డబ్బు లేకపోతే షో చూడటానికి వచ్చినవాళ్ళ ఇంటి నేలే పక్క. పరిచయం లేని వాళ్ళ మంచితనం మీద నడిచే పని ఇది. ఆ మాట మీ సాయం అందాక చెబుతున్నది కాదు, మొదటి నుంచీ ఈ సంగీతం అలాగే బతికింది.

వార్ప్‌డ్ టూర్ అని ఒకటి ఉండేది. 1995 నుంచి 2018 దాకా ప్రతి వేసవిలో పదుల కొద్దీ బ్యాండ్లు కలిసి రోజుకో ఊరు చొప్పున ఉత్తర అమెరికా అంతా తిరిగేవి. సమ్ 41 కూడా ఆ టూర్లలో వాయించింది. ఎండలో కాలే పార్కింగ్ స్థలాల్లో స్టేజీలు. ఎవరు ఎన్నింటికి ఎక్కాలో ఆ పొద్దున చెప్పేదాకా తెలియదు, పెద్ద బ్యాండయినా చిన్న బ్యాండయినా ఒకటే పద్ధతి. అందులో నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఒకటుంది. ఏటా ఒక చిన్న బ్యాండుకి రాత్రిళ్ళు అందరికీ వంట చేసే పని అప్పగించేవారు. బార్బెక్యూ మంట రాజేసి అందరి కడుపూ నింపితే, దానికి బదులు ఆ బ్యాండుకి టూర్‌లో వాయించే అవకాశం. అక్క మాకు వడ్డిస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. చెబితే "అయితే నన్నూ స్టేజీ ఎక్కిస్తారా" అన్నారు. ఎక్కిస్తాం అక్కా, తప్పకుండా.

ఇక సాయం సంగతి వచ్చింది కాబట్టి సమ్ 41 కథలో నేను ఎప్పటికీ మర్చిపోలేని ఘట్టం చెప్పాలి. 2004 మే నెలాఖరులో వాళ్ళు వార్ చైల్డ్ కెనడా అనే స్వచ్ఛంద సంస్థతో డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో వెళ్ళారు. అంతర్యుద్ధంలో పిల్లలు ఏమైపోతున్నారో డాక్యుమెంటరీ తీయడం వాళ్ళ ఉద్దేశం. రువాండా సరిహద్దులో ఉన్న బుకావు అనే ఊళ్ళో ఉండగా హఠాత్తుగా పోరు మొదలైంది. దిగిన హోటల్ చుట్టూ కాల్పులు, బాంబులు. నిన్నమొన్నటి దాకా అల్లరి వీడియోలు తీసుకున్న కుర్రాళ్ళు ఇక ప్రాణాలు దక్కవనే అనుకున్నారు. అదే హోటల్లో చక్ పెలెటియర్ అనే కెనడా వ్యక్తి ఉన్నారు, ఐక్యరాజ్యసమితి తరఫున పనిచేస్తున్నారు. ఆయన సాయుధ వాహనాలు రప్పించి, హోటల్లో చిక్కుకున్న దాదాపు 40 మందినీ సురక్షితంగా బయటికి చేర్చారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఆల్బమ్‌కి బ్యాండ్ "చక్" అని పేరు పెట్టింది. ఆ ఆల్బమ్ మరుసటి ఏడాది కెనడా సంగీత పురస్కారమైన జూనో అవార్డు కూడా గెలిచింది.

మా పరిస్థితి అంత ప్రమాదమని అనడం లేదు. కానీ కష్టంలో ఆదుకున్న మనిషి పేరు ఆల్బమ్ అట్ట మీద అచ్చువేసిన వాళ్ళను చూసి పెరిగాను. కృతజ్ఞత అనేది అలా బాహాటంగా, పదిమందికీ తెలిసేలా చెప్పాలని నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే.

తర్వాతి సంవత్సరాల్లో వాళ్ళ దారి సాఫీగా లేదు. 2006లో బాక్ష్ వెళ్ళిపోయారు, 2013లో మొదటి నుంచీ ఉన్న డ్రమ్మర్ స్టీవ్ జాజ్ తప్పుకున్నారు. ఎడతెగని టూర్లు, వాటి వెంట తాగుడు. 2014లో గాయకుడు డెరిక్ విబ్లీ కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు. మళ్ళీ తాగితే బతకరని డాక్టర్లు చెప్పారు. ఆ విషయం ఆయనే ఫోటోలతో సహా బయటపెట్టారు. ఈ వృత్తిలో ఉన్న కుర్రాళ్ళందరూ ఆ మాటలు చదవాలని నాకు అనిపిస్తుంది. మా బ్యాండులో షో రోజు ఎవరూ తాగకూడదన్న నియమం అక్కడి నుంచి వచ్చిందే. ఆయన కోలుకుంటూ నడవడం, వాయించడం తిరిగి నేర్చుకున్నారు. 2015లో కొత్త ఆల్బమ్ కోసం అభిమానులనే ముందుగా డబ్బు అడిగితే వాళ్ళు ఇచ్చారు. బాక్ష్ కూడా తిరిగొచ్చారు. 2016లో ఆ ఆల్బమ్ వచ్చింది. అభిమానులు చేతులు వేయకపోతే ఆ రెండో జీవితం ఏమయ్యేదో.

2023లో ఇక ముగిస్తున్నామని ప్రకటించారు. 2024లో ఆఖరి ఆల్బమ్ నుంచి "ల్యాండ్‌మైన్స్" పాట మళ్ళీ అదే చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది, 2001 తర్వాత మళ్ళీ అప్పుడే! 2025 జనవరి 30న టొరంటో స్కోషియాబ్యాంక్ అరీనాలో చివరి షో. నేనూ మా డ్రమ్మరూ అందరికంటే పై వరుసలో నిలబడి చూశాం. ఏడ్చామని చెప్పడానికి మాకేమీ సిగ్గు లేదు. మా బ్యాండ్ సొంత పాటలతో రోడ్డెక్కాలని నిర్ణయించుకుంది ఆ రాత్రే. పెద్దాయన అడిగిన "ఎందుకు"కి నా జవాబు ఇదే.

ఇప్పుడు లెక్కలు. రిపేరుకి పోను కొంత డబ్బు మిగిలింది. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకున్న కాగితం మా జూనియర్ దగ్గర ఉంది, ఎవరడిగినా చూపిస్తాడు. తిరిగి కావాలన్నవాళ్ళకి పంపించేస్తాం. వద్దన్నవాళ్ళ డబ్బుతో, ఈసారి చలికాలంలో దారిలో చిక్కుకునే స్టూడెంట్లకు టోయింగ్ ఖర్చులు ఇద్దామని అక్క అన్నారు. మాకూ అదే మంచిదనిపించింది. అభ్యంతరం ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

మా మొదటి రికార్డింగ్ వేసవిలో పూర్తవుతుంది. అట్ట లోపలి పేజీలో అనుమతి ఇచ్చిన అందరి పేర్లూ వేస్తాం. తెనాలి అంకుల్ పేరు తెలియకపోతే "తెనాలి వాడు" అనే వేస్తాం. సర్దార్జీ పేరు వేయడానికి ఆయన ఒప్పుకున్నారు. మాంట్రియల్ బ్యాండ్ వాళ్ళ పేర్లు సరే సరి. అక్కా, మీ ఒట్టు ఈ పోస్టు వరకే అని బావగారు తీర్పు చెప్పారు, గమనించగలరు.

రికార్డింగ్ అయ్యాక కింగ్‌స్టన్‌లో ఒక షో పెడుతున్నాం. హాలు, తేదీ ఖరారు కాగానే గ్రూపులో చెబుతాం. సాయం చేసిన కుటుంబాలకు టికెట్ లేదు. సౌండ్ చాలా గట్టిగా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు చెవుల మీద పెట్టుకునే మఫ్‌లు మేమే తెస్తాం, ఎంతమంది పిల్లలు వస్తారో మాత్రం ముందుగా చెప్పండి. టీషర్టు కావలసినవాళ్ళు సైజు రాయండి.

మీ అందరికీ మా నలుగురి తరఫునా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.