తొలి మెట్టు తీసేస్తే రేపటి సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మానవ స్థాయి కృత్రిమ మేధ ఐదేళ్లలో వస్తుందా, ఇరవై ఏళ్లు పడుతుందా అన్న చర్చే ఇప్పుడు ఎక్కడ చూసినా. బెంగళూరు చిక్‌పేటలో చీరల హోల్‌సేల్ వ్యాపారులకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసు నాది. మా దగ్గర పనిచేసే పిల్లలు ఎక్కువగా హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బీకాం చేసి వచ్చినవాళ్లు. ఈ చర్చలో వాళ్ల ఊసే లేకపోవడంతో రాస్తున్నాను.

ఏఐ పనికిరాదని అనను. మేమూ వాడుతున్నాం. బిల్లు ఫొటో పెడితే జీఎస్టీ నంబరు, మొత్తం, పన్ను అన్నీ చదివి టాలీలోకి, అంటే మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లోకి, ఎక్కించేస్తుంది. ఒక కుర్రాడికి సాయంత్రం దాకా పట్టే పని టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. మొన్నామధ్య ధర్మవరం నుంచి వచ్చిన ఒక బిల్లును అలాగే ఎక్కించింది: 40 చీరలు, దానికి తగ్గ పన్ను. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఆ కాగితం వెనక్కి తిప్పి చూసింది. అంచు నేత తప్పిన ఆరు చీరలు వాపసు పంపినట్టు షాపు గుమాస్తా పెన్సిల్‌తో రాసుకున్నాడు. వాపసు పోయిన సరుకు మీద క్రెడిట్ వాడుకుంటే, అంటే కొన్నప్పటి పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటే, నోటీసు వచ్చేది షాపు యజమానికి. పన్నుతో పాటు 18 శాతం వడ్డీ కట్టాల్సిందీ ఆయనే. ఆఫీసరు ముందు సాఫ్ట్‌వేర్ వచ్చి నిలబడదు.

వెనక్కి తిప్పి చూడమని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఎంట్రీలు కొట్టీ కొట్టీ ఏ షాపువాళ్ల అలవాటు ఏమిటో పట్టేసింది. రేపు మిషనే వెనకవైపు కూడా చదవొచ్చు. అయినా అది చేసినదాంట్లో తప్పు పట్టి సంతకం పెట్టాలంటే మనిషికి పని తెలిసుండాలి. ఆ పని నేర్పే ఎంట్రీలనే ముందుగా తీసేస్తున్నాం.

నాకు తెలిసిన ఒక సంస్థ ఈ ఏడాది ఫ్రెషర్లను తీసుకోవడమే మానేసింది. కారణం అడిగితే, మనుషుల్లా పనిచేసే ఏఐ వస్తోంది కదా అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! మనిషి చేసే ఏ పనైనా ఇరవై ఏళ్లలో యంత్రాలు చేస్తాయని ఏఐ తొలితరం శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1965లోనే అన్నారు. తర్వాత నోబెల్ అందుకున్నంత మేధావి ఆయన. 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్, ఐదేళ్లలో స్కాన్‌లను యంత్రాలే మేలుగా చూస్తాయి కాబట్టి రేడియాలజిస్టులకు శిక్షణ ఆపేయమన్నారు. ఆ మాట విని మెడికల్ కాలేజీలు సీట్లు ఎత్తేసి ఉంటే ఈరోజు స్కాన్ రిపోర్టుల మీద సంతకం ఎవరు పెట్టేవారు? చాట్‌జీపీటీ వచ్చిన 2022 నవంబరు నుంచి వేగం పెరిగిన మాట నిజమే. మనిషి స్థాయి యంత్రం రానూవచ్చు. అయితే వచ్చే తేదీ ఎవరికీ తెలియనప్పుడు, దాన్ని నమ్ముకుని ఒక తరానికి పని నేర్పడం మానేయడం వ్యాపారానికే చేటు. పదేళ్ల తర్వాత అనుభవం ఉన్న మనిషి కావాలంటే బజార్లో దొరకడు.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. బెంగళూరులోని ఐటీ, బీపీఓ, అకౌంట్స్ ఆఫీసుల్లో ఇది ఎంతవరకు అమలవుతోందో నైపుణ్యాభివృద్ధి శాఖ తనిఖీ చేసి, సంస్థలవారీగా ఆ లెక్కను ఏటా బయటపెట్టాలని కోరుతున్నాను.

– ఒక అకౌంటెంట్, చిక్‌పేట, బెంగళూరు