నువ్వు దిబ్బ ఎక్కిన రెండు గంటలు

రాజోలు,
జులై 12.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలును ఆశీర్వదించి నాన్న వ్రాయునది.

మేము ఇల్లు చేరి మూడు వారాలైంది. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నా, అందులో మీ అమ్మ మోకాళ్ల సంగతికీ, బాబు అన్నం తిన్నాడా లేదా అన్న ప్రశ్నకూ తప్ప మరో మాటకు చోటుండదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొలరాడోలోని ఇసుక దిబ్బల పార్కు, గ్రేట్ శాండ్ డ్యూన్స్ నేషనల్ పార్కుకు తీసుకువెళ్తానని నువ్వు అన్నప్పుడు, ఇసుక చూడడానికి డెన్వరు నుంచి నాలుగు గంటలు కారులో కూర్చోవాలా, మన గోదావరి ఇసుక ర్యాంపు దగ్గర నిలబడితే కావలసినంత కనబడదా అని నేను కాస్త మొరటుగానే అన్నాను. నువ్వు బదులు చెప్పలేదు. ఆ బదులు నేనే ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

దూరం నుంచి చూసినప్పుడు నాకవి అంత గొప్పగా తోచలేదు. మంచు ఇంకా కరగని సాంగ్రే దె క్రీస్తో కొండల పాదాల దగ్గర, ఎవరో కల్లంలో పోసి వెళ్లిన ధాన్యపు రాశుల్లా కనిపించాయి. ఆ రాశి శిఖరం మీద గడ్డిపరకలనుకున్నవి కదలడం చూసి, అవి మనుషులని తెలిశాక గాని వాటి కొలత నాకు అందలేదు. అక్కడి స్టార్ డ్యూన్ ఎత్తు 226 మీటర్లనీ, ఉత్తర అమెరికాలో అంతకన్నా ఎత్తైన ఇసుక దిబ్బ లేదనీ అల్లుడుగారు చెప్పారు. సముద్రమట్టానికి పట్టుమని పది మీటర్లయినా లేని మన ఊళ్లో పుట్టి పెరిగిన నాకు, ఆ దిబ్బల అడుగే ఎనిమిది వేల అడుగుల పైన ఉండడంతో, నాలుగడుగులు వేసేసరికే ఊపిరి అందలేదు. వేసవి మధ్యాహ్నాల్లో ఆ ఇసుక 65 డిగ్రీల దాకా కాలుతుందని, తెల్లవారకముందే మమ్మల్ని బయలుదేరదీసినందుకు ఆ పూట సణిగాను గాని, నువ్వు చేసిందే సరైన పని.

మీరిద్దరూ హై డ్యూన్ అనే దిబ్బ ఎక్కి దిగడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను దిబ్బల అంచున పారే మెడానో వాగు ఒడ్డున కూర్చున్నాను. మీ అమ్మ నీళ్లలో పసుపు కుంకుమ వేయబోతే నేను వద్దన్నానని ఆమెకు నా మీద ఇప్పటికీ కోపమే. చీలమండ మునగని ఆ వాగులో అలలు రావడం నాకు మొదట అర్థం కాలేదు. గాలి లేదు, ఎగువన షట్టరు ఎత్తినవాడు లేడు, అయినా కొద్ది సెకన్లకొకసారి ఒక అల లేచి బాబు మోకాళ్లను తడిపి పోతోంది. ముప్ఫై రెండేళ్లు కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి కనుక ఊరుకోలేక, వంగి అడుగు చూశాను. వాలు ఎక్కువగా ఉండి, అడుగున రాయి రప్పా లేకుండా అంతా కదిలే ఇసుకే కావడంతో, పరుగెత్తే నీరు తన కిందనే చిన్న చిన్న ఇసుక గట్లు కట్టుకుంటోంది. గట్టు వెనుక నీరు నిలిచి బరువెక్కి, గట్టు తెగి, ఆ నీరంతా ఒక్కసారి అలగా దిగువకు వస్తోంది. వెంటనే మరో గట్టు మొదలవుతోంది. మంచు కరిగే మే నెల చివర, జూన్ మొదట్లోనే ఈ వాగు నిండుగా పారుతుందట. మనం సరిగ్గా ఆ రోజుల్లోనే వెళ్లడం నీ ముందుచూపే.

అసలు సంగతి ఇంకా ఉంది. లోయకు అవతల ఉన్న శాన్ వాన్ కొండల నుంచి కొట్టుకొచ్చిన ఇసుకను, ఎప్పుడో ఎండిపోయిన చెరువుల అడుగుల నుంచి నైరుతి గాలి ఎత్తి తెచ్చి ఆ దిబ్బల దగ్గర పోస్తుంది, తుఫాను రోజుల్లో ఈశాన్యపు గాలి కొండల సందుల్లోంచి వచ్చి దాన్ని వెనక్కి నెడుతుంది, అందుకే దిబ్బ పక్కలకు పరుచుకోకుండా పైకి లేస్తుంది. గాలి దాటించిన ఇసుకను వాగు దిబ్బల అంచున మోసుకుపోయి దిగువన దింపి, తాను భూమిలోకి ఇంకిపోతుంది. ఆరిన ఆ ఇసుకను గాలి మళ్లీ దిబ్బ మీదికే ఎత్తుతుంది. ఇసుకను నేను ఉద్యోగంలో రెండే రూపాల్లో చూశాను తల్లీ: కాలువలో ఉంటే పూడిక, లారీలో ఉంటే డబ్బు. 1986 ఆగస్టు వరదలో మీ తాతగారి లంక పొలం మీద వేసిన మేటను రెండేళ్లపాటు ఎత్తిపోయించినప్పుడు కూడా దాన్ని తిట్టుకున్నానే గాని, ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోవలసింది అని ఆలోచించలేదు.

ఆ దిబ్బలను కూడా ఊరికే వదలలేదట. ఇసుకలో బంగారం వెతికేవారూ, కాంక్రీటుకు ఇసుక తోడుకుపోదామనుకునేవారూ వస్తే, ఆ లోయలోని మహిళా సంఘంవారు పట్టుబట్టడంతో 1932లో ప్రభుత్వం దాన్ని రక్షిత స్థలంగా ప్రకటించింది. తరువాత లోయ అడుగు నీటిని దూరపు నగరాలకు తోడుకుపోయే ప్రయత్నాలు వచ్చినప్పుడు అక్కడి రైతులు మళ్లీ ఎదురు నిలిచారు. అడుగు నీరు దిగిపోతే వాగు ముందే ఇంకిపోతుంది, వాగు లేకపోతే ఇసుక తిరిగి రాదు. 2004లో అది నేషనల్ పార్కు అయింది. ఇక్కడ మన గోదావరిలో ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోతోంది, వచ్చిన కాస్త ఇసుకా ర్యాంపుల్లో లారీలెక్కుతోంది. అంతర్వేది దగ్గర సముద్రం లోపలికి వస్తోందంటే తప్పంతా సముద్రానిదే అన్నట్టు మాట్లాడేవారిలో నేనూ ఒకణ్ణి.

ఇంకొక మాట. ఇసుక మీద నల్లటి చారలు చూసి బాబు తన అయస్కాంతాన్ని తిప్పగానే మీసాల్లా నల్లపొడి అంటుకుంది. అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజమట. మన ఇల్లు కట్టేటప్పుడు వాకిట్లో పోయించిన ఇసుక గుట్టలో, పాత రేడియో స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి నువ్వు రోజంతా ఈడ్చడం నాకు గుర్తొచ్చింది. నీకు గుర్తుందా? పార్కు నుంచి ఏదీ తీసుకుపోకూడదని బాబు ఆ పొడిని అక్కడే దులిపేశాడు. నేను మాత్రం దొంగనయ్యాను. ఇంటికొచ్చి బూట్లు దులిపితే చిటికెడు ఇసుక రాలింది. దాన్ని కాగితం మీద మన వశిష్ఠ గోదావరి ఇసుక పక్కన పోసి భూతద్దంతో చూస్తే, అక్కడి రేణువులు అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి, మనవి ఇంకా కోసుగా ఉన్నాయి.

నిన్న సాయంత్రం వశిష్ఠకు ఎర్రనీరు వచ్చింది. ఒక గాజుగ్లాసు ముంచి తెచ్చి కిటికీలో పెట్టాను. పొద్దున్నకు అడుగున గోరు మందం ఒండ్రు దిగింది గాని, వేళ్ల మధ్య రుద్ది చూస్తే ఒక్క ఇసుక రేణువూ తగలలేదు. బాబుకు చూపించడానికి ఫొటో తీశాను, మీ అమ్మ ఫోను నుంచి పంపుతుంది.

అల్లుడుగారికి మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నాన్న.