లంగరు చెక్కండి, తుపాకీ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

1971 యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు ఊళ్లలో బండల మీద చెక్కించాలన్న ఆలోచన మంచిదే. కానీ ఓడలో పోయిన పిల్లోడికి సమాధి ఉండదు, బూడిద కూడా ఇంటికి రాదు. ఆయనకు మిగిలే చోటు ఆ బండే కాబట్టి, చేసే పని సరిగ్గా చేయాలి.

మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ సంగతే చూడండి. డిసెంబరు 9 రాత్రి దీవ్ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాన్ని టార్పెడోతో కొట్టింది. ఓడ నిమిషాల్లో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడను వదలని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు దేశమంతా ఎరుగు. ఆ 176 మందిని తలచుకోవాల్సింది ఎవరి ఊరివాళ్లు వాళ్లే. అయితే దండ వేసేది 4న కాదు, 9న. 4వ తేదీ నౌకాదళ దినం, అది కరాచీ మీద దాడి చేసిన రోజు.

పేరు కింద 'జవాన్' అని రాయించేస్తుంటారు. నావికుడికి హోదా వేరు. లీడింగ్ సీమన్ అయితే లీడింగ్ సీమన్ అనే ఉండాలి. సర్వీసు నంబరు, ఓడ పేరు, తేదీ తప్పనిసరి. రికార్డుల్లో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది, ఊళ్లో పిలిచే పేరు ఇంకొకటి. ఇంట్లో దాచిన టెలిగ్రామో పింఛను కాగితమో తీసుకెళ్లి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సరిచూసుకోండి. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో గ్రానైట్ ఇటుకల మీద పేరు ఎలా ఉందో దానితోనూ పోల్చండి. చెక్కాక దిద్దడమంటే బండ మార్చడమే.

ఇక రాయి. మన నల్ల నాపరాయి చవక, ఇంటి ముంగిట్లోనే దొరుకుతుంది. కానీ అది సున్నపురాయి, పొరలు పొరలుగా ఉంటుంది. ఎండకు నలుపు బూడిదరంగు తిరుగుతుంది, అంచుల్లో పెచ్చులు లేస్తాయి. అన్నిటికన్నా పెద్ద ముప్పు, జెండా పండగ ముందు రోజు యాసిడ్ పోసి కడగడం. పోయగానే బుసబుస పొంగుతుంది, పాలిష్ పోతుంది, అక్షరాల అంచులు కరిగిపోతాయి. బయట నిలబెట్టే బండకు గ్రానైటే మేలు. నాపరాయే కావాలంటే రెండంగుళాల మందం తీసుకుని చూరు కింద పెట్టండి, మామూలు నీళ్లతోనే కడగండి.

అక్షరం ఒకటిన్నర అంగుళానికి తగ్గకూడదు, లోతు మూడు మిల్లీమీటర్లయినా ఉండాలి. పైపైన గీకి బంగారు రంగు పూస్తే రెండు వానాకాలాలకు పోతుంది. ఒత్తులు సన్నగా చెక్కితే ముందు విరిగేవి అవే. క్రీ.శ. 575 నాటిదని చెప్పే తెలుగు శాసనం మన ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలోనే దొరికింది, లోతుగా చెక్కితే రాయి ఎంతకాలం మోస్తుందో మనకు వేరే చెప్పాలా?

తలకిందులు చేసిన తుపాకీ, పైన ఇనుప టోపీ సైన్యం గుర్తు. నావికుడి బండ మీద లంగరు చెక్కించండి.

— రాతిపని తెలిసిన పాఠకులు, ఎర్రగుంట్ల, కడప జిల్లా