నర్సును సస్పెండ్ చేస్తే అయిపోయిందా?

సంపాదకుల వారికి,

ఇంజెక్షన్ తారుమారైన ఘటనలో నర్సును సస్పెండ్ చేశారన్న మీ వార్త చదివి నాలుగు రోజులైనా మనసు ఊరుకోవడం లేదు. ఆ మందు రాసిందెవరు? చేతిరాత అర్థం కాకపోయినా అడగకుండా ఇచ్చిన ఫార్మసీ వాళ్లెవరు? డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు ఏం చెప్పి వెళ్లారు? ఇంతమంది చేతులు దాటాక చివర్న ఉన్నది నర్సు కాబట్టి దొరికిపోయింది.

ఇన్సులిన్ 4 యూనిట్లు రాయాల్సిన చోట అంకె పక్కన ‘యు’ అని గీకితే అది సున్నాలా కనిపించి 40 అవుతుంది. అందుకే ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయమంటారు. అలాంటి మందుల డోసు ఇద్దరు విడివిడిగా చూసుకోవాలి. ఫోన్లో చెబితే రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. ఎంతసేపు పడుతుందండీ?

ఆపరేషన్ గదుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోతకు ముందు, రోగిని బయటికి తెచ్చే ముందు ఆగి సరిచూసుకోవాలి. కోతకు ముందు గదిలో అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలట. నవ్వులాటలా ఉంది కానీ, ఒకసారి గొంతు విప్పిన మనిషికి తర్వాత ‘సార్, ఒక్క నిమిషం’ అనే ధైర్యం వస్తుంది. 8 నగరాల ఆస్పత్రుల్లో దీన్ని వాడి చూస్తే మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా టిక్కులు పెట్టుకుంటే మాత్రం అది ఉత్త కాగితమే.

మా నాన్నగారికి ఓసారి రౌండ్స్‌లో పెద్ద డాక్టరు, ఆయనకు పడని మందే రాశారు. పడదని కేస్ షీట్ మీద ఎర్రసిరాతో రాసే ఉంది. వెనక ఆరుగురు జూనియర్లు, ఒక్కరూ నోరు మెదపలేదు. మా అమ్మే అడిగింది. ‘మీరు డాక్టరా?’ అన్నారు. మందు మాత్రం మార్చారు!

ఇక అధికారులు. సెప్టెంబర్ 17న రోగి భద్రతా దినమని బ్యానర్ కట్టి ఫొటో దిగుతారు. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సుకు ఎంతమంది రోగులో లెక్క అడగరు. త్రుటిలో తప్పిన పొరపాట్లు రాసుకునే రిజిస్టరు పెట్టి, రాసినవాళ్లకే మెమో ఇస్తే ఇంకెవరు రాస్తారు?

మీరూ తక్కువ తినలేదు. నర్సు ఫొటో వేశారు, మందు చీటీ సంగతి ఒక్క ముక్కయినా రాయలేదు. విచారణ నివేదిక బీరువా దాటి బయటికొస్తే, దాన్నయినా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

– ఒక పాఠకుడు