చియాంగ్ మాయ్ వెళ్లేవాళ్లు ముందుగా ఏ నెలో చూసుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

వేసవి సెలవుల టూర్ ప్రకటనల్లో బ్యాంకాక్, పట్టాయాల పక్కన ఇప్పుడు చియాంగ్ మాయ్ పేరు కూడా కనిపిస్తోంది. మంచిదే. హడావుడి లేని ఊరు, అడుగడుగునా గుడి ఉన్న ఊరు, అమ్మమ్మనీ తాతయ్యనీ వెంటబెట్టుకుని వెళ్లదగ్గ ఊరు. కాకపోతే ఆ ప్రకటనల్లో ధర ఉంటుంది, హోటల్‌కి ఎన్ని స్టార్లో ఉంటుంది, ఏ నెలలో వెళ్తే ఆ ఊరు ఎలా ఉంటుందో మాత్రం ఉండదు. పరీక్షలు అయ్యాక మనవాళ్లు బయల్దేరేది ఏప్రిల్‌లో. చియాంగ్ మాయ్‌కి అస్సలు వెళ్లకూడని కాలం సరిగ్గా అదే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర థాయ్‌లాండ్‌లో పొగ కాలం. పొలాల్లో వరి కొయ్యకాళ్లు, మొక్కజొన్న చొప్ప తగలబెడతారు. అడవుల్లో ఎండుటాకులు అంటుకుంటాయి. సరిహద్దు దాటి మయన్మార్, లావోస్ వైపు నుంచి కూడా పొగ వస్తుంది. చియాంగ్ మాయ్ పింగ్ నది లోయలో, చుట్టూ కొండల మధ్య, మూకుడు అడుగున పెట్టినట్టు ఉంటుంది. తెల్లవారుజామున చల్లగాలి లోయలో కిందకి దిగి కూర్చుంటుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా పడుతుంది. పొగ పోయే దారి ఉండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రపంచంలో అత్యంత కలుషితమైన నగరాల పట్టికలో ఈ ఊరు కొన్ని రోజులు మొదటి స్థానానికి చేరిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఊరికి పడమట ఆనుకునే ఉండే దోయ్ సుతేప్ కొండ పట్టపగలు కూడా కనిపించదు. కొండెక్కితే గాలి బాగుంటుందనుకోవడం పొరపాటు. ఆ గుడి ఉన్నది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులోనే, పొగ అక్కడిదాకా ఉంటుంది. దీనికి తోడు ఏప్రిల్ ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది.

చూసుకోవాల్సింది పీఎం 2.5, అంటే గాలిలో ఉండే అతి సన్నటి రేణువుల లెక్క. థాయ్ ప్రభుత్వం 24 గంటల సగటుకు పెట్టుకున్న హద్దు ఘనపు మీటరుకు 37.5 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. చియాంగ్ మాయ్‌లో పొగ ముదిరిన రోజుల్లో ఇది వంద దాటుతుంది. అక్కడి కాలుష్య నియంత్రణ శాఖ నడిపే ఎయిర్4థాయ్ యాప్‌లో ఏ కేంద్రం దగ్గర ఎంత ఉందో కనిపిస్తుంది. బయల్దేరే ముందు పది రోజులు రోజూ చూడండి. ఆస్తమా ఉన్న పిల్లలు, గుండె జబ్బున్న పెద్దలు ఉంటే ఈ మూడు నెలలు ఆ ఊరి ఊసే వద్దు.

మరి పిల్లల సెలవుల్లో ఎప్పుడు? మే మూడో వారం దాటాక. అప్పటికి వానలు మొదలై పొగను కడిగేస్తాయి. సాధారణంగా మధ్యాహ్నం దాటాక గంటో రెండు గంటలో కురిసి వెలుస్తుంది. పొద్దున గుళ్లు, మధ్యాహ్నం గది, సాయంత్రం బజారు అని పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. మే చివర్లోనో జూన్‌లోనో వచ్చే ఇంథఖిన్ జాతర కూడా ఈ కాలంలోనే. వాన సరిగా కురవాలని, ఊరు చల్లగా ఉండాలని జనం వాట్ చెదీ లువాంగ్ గుళ్లోని ఊరి స్తంభానికి పూలు సమర్పిస్తారు. వరసగా పెట్టిన గిన్నెల్లో ఒక్కో పువ్వూ వేసుకుంటూ నడుస్తారు. మన గ్రామదేవత జాతరలు చూసినవాళ్లకు ఆ భక్తి వెంటనే అర్థమవుతుంది. స్తంభం ఉన్న చిన్న మందిరంలోకి మాత్రం ఆడవాళ్లను రానివ్వరు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే గుమ్మం దగ్గర చిన్నబుచ్చుకోవాల్సిన పని ఉండదు.

దసరా సెలవుల్లో వెళ్లొచ్చు గానీ సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో వానలు జోరుగా ఉంటాయి. 2024 అక్టోబరులో పింగ్ నది పొంగి నైట్ బజార్ చుట్టుపక్కల వీధులు మునిగాయి. ఆ రోజుల్లో నది ఒడ్డున కాకుండా కందకం లోపలి పాత ఊళ్లో గది తీసుకోవడం నయం. శాకాహారులకు మాత్రం ఇది చాలా మంచి కాలం. దాదాపు మన శరన్నవరాత్రుల రోజుల్లోనే అక్కడి చైనా సంతతి వాళ్లు తొమ్మిది రోజులు మాంసం, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు. వీధి వీధినా పసుపు జెండాలు కట్టిన దుకాణాలు వెలుస్తాయి.

అన్నిటికన్నా మంచి కాలం నవంబరు నుంచి జనవరి దాకా. ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రి 15 డిగ్రీలకు దిగుతుంది, స్వెటర్ కావాలి. సంక్రాంతి సెలవులకు చక్కగా సరిపోతుంది. మన కార్తీక పౌర్ణమి, వాళ్ల దీపాల పండుగలు యీ పెంగ్, లాయ్ క్రథాంగ్ సాధారణంగా ఒకే పున్నమికి వస్తాయి. అరటి బోదెను గుండ్రటి బిళ్లగా కోసి, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, మధ్యలో బంతిపూలు, కొవ్వొత్తి, అగరువత్తులు పెట్టి పింగ్ నదిలో వదులుతారు. పోలి పాడ్యమి నాడు అరటి దొప్పల్లో దీపాలు వదిలే మన ఆడవాళ్లకు దాన్ని ఎలా పట్టుకోవాలో, నీళ్ల మీద ఎలా ఆనించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. స్టైరోఫోమ్‌తో చేసినవి కొనకండి, అరటి బోదెవే అడగండి. ఫొటోల్లో కనిపించే వేల ఆకాశదీపాలు ఒకేసారి లేచే వేడుకలు చాలావరకు ఊరి బయట టికెట్ పెట్టి జరిపేవి. పాత ఊళ్లో నిలబడితే ఆ దృశ్యం కనిపిస్తుందనుకుని వెళ్లి నిరాశపడేవాళ్లు ఎక్కువ. దీపాల వల్ల ఆ రాత్రుళ్లు విమానాల వేళలు మారుతాయి, కొన్ని రద్దవుతాయి. కాబట్టి ఆ రెండు రోజుల సాయంత్రాలకు విమానం పెట్టుకోకూడదు. గదులు మూడు నాలుగు నెలల ముందే పట్టుకోవాలి.

ఇక ప్రయాణం. ఎక్కువమంది దెబ్బతినేది బ్యాంకాక్‌లో. అక్కడ రెండు విమానాశ్రయాలు ఉన్నాయి, సువర్ణభూమి, డాన్ మ్యూయాంగ్. రెంటి మధ్య దూరం నలభై కిలోమీటర్లకు పైనే. చవగ్గా దొరికిందని దేశీయ టికెట్ విడిగా కొంటే, దిగేది ఒక చోట, ఎక్కేది ఇంకో చోట అవుతుంది. ట్రాఫిక్‌లో రెండు గంటలు పోతాయి. అలా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం ఐదారు గంటలు ఉంచుకోండి. వీలైతే హైదరాబాద్ నుంచి చియాంగ్ మాయ్ దాకా ఒకే టికెట్ మీద కొని, బ్యాగులకు చివరిదాకా ట్యాగ్ వేయించుకోండి. బ్యాంకాక్ నుంచి విమానం గంటా పావు.

పిల్లలు ఉంటే రైలు ఇంకా బాగుంటుంది. దాదాపు 750 కిలోమీటర్లు, సాయంత్రం ఎక్కితే పొద్దున దిగుతారు. 2023 జనవరి నుంచి దూరప్రాంతపు రైళ్లు పాత హువా లాంపోంగ్ స్టేషన్ నుంచి కాకుండా క్రుంగ్ థెప్ అఫివాత్ టెర్మినల్ నుంచి బయల్దేరుతున్నాయి. పాత స్టేషన్‌కి పోయి రైలు పోగొట్టుకోవద్దు. కింది బెర్త్ వెడల్పుగా ఉంటుంది, ధర కాస్త ఎక్కువ. ఏసీ చలి బాగా ఉంటుంది, శాలువా దగ్గర పెట్టుకోండి.

2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌లో దిగేవాళ్లంతా డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగడానికి మూడు రోజుల లోపు, థాయ్ ఇమ్మిగ్రేషన్ వాళ్ల సొంత సైట్‌లోనే నింపండి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగిందంటే అది మోసపు సైట్. వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కనుక టికెట్ కొనే రోజునే రాయబార కార్యాలయం సైట్ చూసుకోవాలి.

ఊళ్లో తిరగడానికి ఎర్ర బండ్లు ఉంటాయి. మన షేర్ ఆటోల్లాంటివే, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. చెయ్యెత్తి ఆపి, వెళ్లాల్సిన గుడి పేరు చెప్పి, సరే అంటే ఎక్కాలి. పాత ఊళ్లో మనిషికి 30, 40 బాట్‌లు. ఎంత అని అడిగితే బండి మొత్తం మీకే అనుకుని ఎక్కువ చెబుతారు. చిల్లర దగ్గర ఉండాలి. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్‌లకు తగ్గకుండా కోస్తాయి కాబట్టి కొంచెం కొంచెం తీయడం దండగ. రూపాయల్లో కోయమంటారా అని మెషీన్ అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు ఎప్పుడూ మనకు నష్టమే. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌లో మోటార్ సైకిల్ విభాగం లేకుండా స్కూటర్ అద్దెకు తీసుకోవద్దు. జరిమానా సంగతి అటుంచండి, పడి ఆసుపత్రి పాలైతే ప్రయాణ బీమా చెల్లదు.

గుళ్ల విషయంలో తొందర పనికిరాదు. 1296లో మెంగ్రాయ్ రాజు కట్టించిన ఈ నగరం ఒక్కో వైపు కిలోమీటరున్నర ఉండే చతురస్రం, చుట్టూ కందకం. లోపలివన్నీ నడిచి చూడొచ్చు. ప్యాకేజీల్లో ఒక్క పూటలో ఐదు గుళ్లు చూపిస్తామంటారు. అలా చూస్తే ఏదీ గుర్తుండదు. రోజుకు రెండు చాలు.

తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది, ప్యాకేజీల్లో తరచూ వదిలేసేది, వాట్ చియాంగ్ మాన్. ఊళ్లో అన్నిటికన్నా పాత గుడి. వెనక ఉన్న చెదీని, అంటే స్తూపాన్ని, 15 ఏనుగులు వీపు మీద మోస్తున్నట్టు కట్టారు. ఆ గుళ్లోనే చిన్న రాతి ఫలకం ఒకటుంది. మదించి మీదికి వచ్చిన నాలాగిరి ఏనుగు బుద్ధుడి ముందు తలవంచిన ఘట్టం దాని మీద చెక్కి ఉంది. అదే కథను మన అమరావతి శిల్పులు గుండ్రటి ఫలకం మీద చెక్కారు. అది ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ అమరావతి ఫలకం ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి ఈ రాయి ముందు నిలబడండి. ఏనుగు మోకాళ్లు వంగిన తీరు ఇక్కడెలా ఉంది, అక్కడెలా ఉందని పిల్లల్ని అడగండి.

వాట్ చెదీ లువాంగ్ స్తూపాన్ని 1391లో మొదలుపెట్టారు. 1545 భూకంపంలో పైభాగం కూలింది, మిగిలినది కూడా చాలా పెద్ద కట్టడం. వాట్ జెద్ యోద్ కందకానికి బయట వాయవ్యంలో ఉంటుంది. 15వ శతాబ్దంలో తిలోకరాజ్ అనే రాజు బుద్ధగయ ఆలయం నమూనాలో కట్టించాడు, జనం తక్కువ. దోయ్ సుతేప్ మీది గుడి 1383 నాటిది. కొండ మీదికి రోడ్డు 1935లో క్రూబా శ్రీవిచాయ్ అనే భిక్షువు పిలుపు మీద జనమే వచ్చి వేశారు. కొండ కింద ఆయన విగ్రహానికి దణ్ణం పెట్టుకోనిదే చాలామంది స్థానికులు పైకి వెళ్లరు. గుడి దగ్గర నాగుల పిట్టగోడల మధ్య మూడు వందలకు పైగా మెట్లుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పక్కనే లిఫ్టు బండి ఉంది. ఉదయం ఏడు, ఎనిమిదింటికి వెళ్తే నయం, పది దాటితే బస్సుల జనం.

మర్యాదలు మనకు కొత్తేమీ కాదు. గడప తొక్కకుండా దాటాలి, భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, బుద్ధుడి వైపు కాళ్లు చాచకూడదు. ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే పక్కనున్న మగవాళ్ల చేత ఇప్పించాలి. ఆదివారం థా ఫే గేటు నుంచి సాగే నడక బజారులో సాయంత్రం ఆరింటికి జాతీయ గీతం వస్తుంది. జనమంతా ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోతారు. మీరూ నిలబడండి.

తిండి గురించి ఒక జాగ్రత్త. కూరగాయలే అని తెచ్చిన వంటలో కూడా చేపల పులుసు నీరు, నమ్ ప్లా, ఉంటుంది. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు దంచి వేస్తారు. శాకాహారం అని ఇంగ్లీషులో చెబితే మాంసం ముక్కలు మాత్రమే తీసేస్తారు. "కిన్ జే" అనండి, అన్నీ మానేస్తారు. లేదా "మై సాయ్ నమ్ ప్లా", "మై సాయ్ కాపి" అని చేపనీరు, రొయ్యల ముద్ద వద్దని విడిగా చెప్పండి. ఖాయ్ అంటే గుడ్డు, కాయ్ అంటే కోడి. ఒత్తు పలకకపోతే గుడ్డు వద్దన్నవాళ్లు కోడి వద్దన్నట్టవుతుంది. నమ్ ప్రిక్ నూమ్ మాత్రం వదలొద్దు. పొడుగాటి పచ్చి మిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, రోట్లో దంచి చేస్తారు. అచ్చం మన రోటి పచ్చడే, జిగురన్నంతో చేత్తో తినాలి. కొందరు అందులోనూ చేప కలుపుతారు, అడిగి తీసుకోండి.

ఇప్పటికే ఏప్రిల్‌కి డబ్బు కట్టేసినవాళ్లు మొదట తేదీ మార్చమని అడగండి. కుదరదంటే చియాంగ్ మాయ్ రోజులను దక్షిణాన క్రాబీ వైపు మార్చమనండి, ఈ పొగ సముద్రతీరం దాకా రాదు. అదీ కుదరకపోతే గదిలో గాలి శుద్ధి యంత్రం ఉందని హోటల్ నుంచి రాతలో తీసుకోండి. మనిషికి రోజుకొకటి చొప్పున ఎన్95 మాస్కులు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి, మామూలు సర్జికల్ మాస్కు ఆ సన్నటి రేణువులను సరిగా ఆపదు. పిల్లల ముఖాలకు సరిగ్గా అతుక్కునే చిన్న సైజు అక్కడ పొగ ముదిరిన వారంలో దొరకడం కష్టం.

వేసవి యాత్రల పేజీ వేసేటప్పుడు ప్యాకేజీ ధర పక్కనే ఆ నెలలో అక్కడ గాలి, వాన ఎలా ఉంటాయో ఒక్క వరుస వేయాలని తమరిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు.