సడలిస్తూ పోతే నిబంధన ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

నేను సైన్యంలో 24 ఏళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. ఈమధ్య ఒక పెళ్లిలో మా పాత కర్నల్ గారు ఎదురయ్యారు. ఆయన రిటైరై ఆరేళ్లయింది. అయినా పంక్తిలో భోంచేస్తున్నవాణ్ణి ఎంగిలి చేత్తోనే లేచి సావధాన్‌లో నిలబడ్డాను. ఆయన కూర్చోమనేదాకా కూర్చోలేకపోయాను.

అందుకే అమెరికా 1947లో పెట్టుకున్న నిబంధన నాకు బాగా అర్థమవుతుంది. సైన్యం వదిలిన అధికారి పదేళ్లదాకా రక్షణ మంత్రి కాకూడదన్నారు. 1950లో జార్జ్ మార్షల్ అనే జనరల్‌కు మినహాయింపు ఇస్తూనే, ఇకమీదట ఇలాంటి నియామకాలు వద్దని అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) ఆ చట్టంలోనే రాసుకుంది. 2008లో గడువును ఏడేళ్లకు తగ్గించారు. అదీ ఆగలేదు. రిటైరైన జనరళ్లను రక్షణ మంత్రిని చేయడానికి 2017లో జేమ్స్ మాటిస్ కోసం, 2021లో లాయిడ్ ఆస్టిన్ కోసం మళ్లీ సడలించారు. ఆస్టిన్ యూనిఫాం విప్పి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు.

ఇద్దరూ గొప్ప సైనికులే. కానీ సైన్యాధిపతులు ఫైలు పెట్టినప్పుడు "ఎందుకు?" అని అడగాల్సినవాడు మంత్రి. నిన్నటిదాకా ఒకే మెస్‌లో తిన్నవాళ్లను ఆ ప్రశ్న అడగడం ఎంత కష్టమో మాకు తెలుసు. తర్వాత జనరల్ స్థాయి వారికి మళ్లీ పదేళ్లు చేశారు, సంతోషం.

మన దగ్గర రిటైరైన అధికారి ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే కొంతకాలం ప్రభుత్వ అనుమతి కావాలి. మంత్రి కావడానికి మాత్రం ఏ గడువూ లేదు. దీన్ని మన ఎంపీలు పార్లమెంటులో చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

– ఒక మాజీ సుబేదారు,
మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా